మధ్యలో పడ్డ బంతి ఎవరిది?

గత డిసెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో భోజనాల దగ్గర పెద్ద గొడవ జరిగింది. ఆస్తిపాస్తుల గొడవ అయితే బాగుండేది, మధ్యవర్తులు దొరుకుతారు. ఇది వాలీబాల్ గొడవ.

ముందురోజు బరంపురంలో కాలేజీల మధ్య అమ్మాయిల వాలీబాల్ ఫైనల్ జరిగింది. మా అమ్మాయి బి.కాం. రెండో సంవత్సరం. వాళ్ళ కాలేజీ జట్టులో వెనక వరసలో ఆడుతుంది. మొదటి సెట్ గెలిచి, రెండోది పోగొట్టుకొని, మూడో సెట్లో 13-13 దాకా వచ్చి 13-15తో ఓడిపోయారు. ఆ ఆఖరి రెండు పాయింట్లూ మా అమ్మాయి నిలబడ్డ వైపే పోయాయి.

మా బావమరిది ఇచ్ఛాపురం దగ్గర హైస్కూల్లో పి.ఇ.టి.గా చేసి రిటైరయ్యాడు. మ్యాచ్ చూడటానికే వచ్చాడు. పప్పు కలుపుకుంటూ, "ఓడింది పిల్లలు కాదు బావా, వాళ్ళ పి.డి. గారు ఓడిపోయారు. పదమూడు దగ్గర టైమ్ అవుట్ అడగని కోచ్ ఎందుకు?" అన్నాడు. మా ఆవిడ ఊరుకోలేదు. "రెండు బంతులూ దీని చేతుల మీంచే పోయాయి కదరా తమ్ముడూ. ఆయనొచ్చి పట్టుకుంటాడా?" అంది. మాట అన్న తరువాత ఆవిడకీ అర్థమైంది, కాని అప్పటికే పిల్ల పెరుగన్నం సగంలో వదిలి లేచిపోయింది. సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "నాన్నా, జనవరిలో యూనివర్సిటీ జట్టుకు సెలక్షన్లు ఉన్నాయి. నా పేరు ఇవ్వొద్దని పి.డి. సార్‌కి చెప్పేస్తాను" అంది.

నేను ఆటగాణ్ణి కాను. ఎనభైల ఆఖర్లో బి.కాం. చదివిన రోజుల్లో గట్టు మీద కూర్చుని, బయటికి పోయిన బంతులు తెచ్చి ఇవ్వడమే నా క్రీడాజీవితం. ముప్ఫై ఏళ్ళకు పైబడి బ్యాంకులో పనిచేస్తున్నందువల్ల ఒక అలవాటు మాత్రం ఉంది. కళ్ళముందు అంకెలు కదులుతుంటే రాసుకోకుండా ఉండలేను. ఆ రోజు కూడా జేబులో ఉన్న పే-ఇన్ స్లిప్పుల వెనక ప్రతి పాయింటూ ఎలా వచ్చిందో, ఎలా పోయిందో గీతలు పెట్టుకున్నాను. ఆ రాత్రి అవి ముందు పెట్టుకుని కూర్చున్నాను. కాలేజీ వాలీబాల్లో మ్యాచ్ గెలిపించేది కోచ్ ఇచ్చిన తర్ఫీదా, లేక ఆ పూట పిల్లలు ఆడిన ఆటా? ఇంట్లో ఇద్దరు పెద్దలు చెరొక పక్షం తీసుకున్నారు. నాకు మూడో పక్షం లేకపోయినా లెక్క ఉంది.

ముందు పెద్ద లెక్క చెబుతాను. వాలీబాల్ పుట్టింది 1895లో, అమెరికాలోని హోల్యోక్ అనే ఊళ్ళో. కాలేజీ వాలీబాల్‌కు అక్కడ ఉన్న హంగు ఇంకెక్కడా లేదు. 2009 డిసెంబరులో టాంపా నగరంలో అమ్మాయిల జాతీయ కాలేజీ ఫైనల్ పెన్ స్టేట్, టెక్సాస్ విశ్వవిద్యాలయాల మధ్య జరిగింది. పెన్ స్టేట్ అప్పటికి రెండేళ్ళకు పైగా ఓటమి ఎరగని జట్టు. వాళ్ళ కోచ్ రస్ రోజ్. టెక్సాస్ జట్టులో డెస్టినీ హుకర్ అనే అమ్మాయి ఉంది. ఆ రోజు ఆమె ఒక్కతే స్మాష్ చేసి 34 పాయింట్లు తెచ్చింది. టెక్సాస్ మొదటి రెండు సెట్లు 25-22, 25-20తో గెలిచింది. తరువాత మూడు సెట్లూ పెన్ స్టేట్ 25-23, 25-21, 15-13తో గెలిచి కప్పు తీసుకుపోయింది. ఆ పోటీలన్నిటిలో మేటి క్రీడాకారిణిగా ఎంపికైంది మాత్రం ఓడిన జట్టు అమ్మాయి హుకరే.

ఇప్పుడు బ్యాంకు పద్ధతిలో కూడి చూడండి. అయిదు సెట్లలో పెన్ స్టేట్ తెచ్చుకున్న పాయింట్లు 107. టెక్సాస్ తెచ్చుకున్నవి కూడా 107. ట్రయల్ బ్యాలెన్స్ పైసా తేడా లేకుండా సరిపోయింది. మొదటిసారి ఈ కూడిక చేసినప్పుడు తప్పు చేశానేమోనని మళ్ళీ కూడాను. తన జట్టు పాయింట్లలో మూడో వంతు దాకా ఒక్కతే తెచ్చిన పిల్ల ఓడిపోయింది, రెండు జట్లూ సమానంగా పాయింట్లు తెచ్చుకున్నాయి, అయినా ఒకళ్ళే గెలిచారు. గొప్ప ఆట ఆడితే చాలు గెలుస్తామని ఈ మ్యాచ్ చూసినవాళ్ళు ఎవరూ అనలేరు. అలాగని ఆఖరి సెట్టు రెండు పాయింట్ల తేడాతో తేలిన మ్యాచ్‌ను కోచ్ ముందే కాగితం మీద గెలిచేశాడని చెప్పినా నమ్మబుద్ధి కాదు.

కోచ్ పక్షాన గట్టి సాక్ష్యం లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఉంది. అక్కడ ఆల్ స్కేట్స్ అనే ఆయన 1963 నుంచి 2012 దాకా మగపిల్లల జట్టుకు కోచ్‌గా ఉండి 19 జాతీయ టైటిళ్ళు గెలిపించాడు. కాలేజీ జట్టుకు ఒక చిక్కు ఉంది, ఆలోచిస్తే మన బ్యాంకుల్లో బదిలీల లాంటిదే. పిల్లలు మూడు నాలుగేళ్ళలో వెళ్ళిపోతారు. కోచ్ మిగులుతాడు. కార్చ్ కిరాలీ అనే మహా ఆటగాడు ఈయన దగ్గరే 1979 నుంచి 1982 వరకు ఆడాడు. ఆ నాలుగేళ్ళలో మూడు టైటిళ్ళు వచ్చాయి. 1980లో మాత్రం కిరాలీ ఉండి కూడా ఫైనల్లో ఓడిపోయారు. అతను వెళ్ళిపోయిన తరువాత 1983లోనూ 1984లోనూ అదే కాలేజీ గెలిచింది. అతను రాకముందు 1970 నుంచి 1976 లోపల ఆరుసార్లు గెలిచి ఉన్నారు. మనుషులు మారుతున్నా ఫలితం నిలబడుతోందంటే మారని మనిషి చలవే అనుకోవాలి కదా.

మా బావమరిదికి ఇది చెబితే మీసం దువ్వుకున్నాడు. అతనికి ఇష్టమైన ఉదాహరణ ఇంకొకటి ఉంది, అదీ చెప్పాడు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన జపాన్ అమ్మాయిల్లో ఎక్కువమంది ఒక నూలు మిల్లు ఉద్యోగినులు. కోచ్ హిరోబుమి దైమత్సు పగలు పని అయ్యాక అర్ధరాత్రి దాటేదాకా వాళ్ళచేత సాధన చేయించేవాడు. నేల మీదికి దొర్లుతూ బంతి అందుకుని అదే ఊపులో లేచి నిలబడే పద్ధతి వాళ్ళది. ఆఖరి మ్యాచ్‌లో సోవియట్ జట్టును 3-0తో ఓడించారు. "చూశావా బావా, పొట్టి పిల్లలు! తర్ఫీదు అంటే అదీ" అన్నాడు. నిజమే. కాని ఆ కథ విన్నప్పుడల్లా నాకు ఆ పిల్లల నిద్ర గురించి దిగులు కలుగుతుంది. ఆడపిల్ల తండ్రిని కదా.

ఆటగాడి పక్షాన మన దేశంలోనే సాక్ష్యం ఉంది. కేరళలోని పేరావూరు కుర్రాడు జిమ్మీ జార్జ్ 1973 నుంచి 1976 వరకు కాలికట్ విశ్వవిద్యాలయానికి ఆడాడు. ఆ రోజుల్లో ఆ విశ్వవిద్యాలయం మూడుసార్లు అఖిల భారత అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో గెలిచింది. తరువాత ఇటలీ వెళ్ళి అక్కడి క్లబ్బుల్లో ఆడి పేరు తెచ్చుకున్నాడు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన మన జట్టులో అతనున్నాడు. అదే జట్టులో మన తెలుగువాడు పి.వి. రమణ ఉన్నాడు. బ్యాడ్మింటన్ సింధు తండ్రి అంటే మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుస్తుంది. జిమ్మీ మరుసటి ఏడాదే, 1987 నవంబరులో, ఇటలీలో కారు ప్రమాదంలో పోయాడు. మేము కాలేజీలో ఉన్న రోజులవి. గట్టు మీద కూర్చునేవాళ్ళం కూడా ఆ వార్తకు బాధపడ్డాం. ఇంత గొప్ప ఆటగాడు ఆట మొదట నేర్చుకున్నది తండ్రి దగ్గర. ఆ తండ్రి తన చదువు రోజుల్లో విశ్వవిద్యాలయం తరఫున వాలీబాల్ ఆడినవాడు. అంటే ఈ సాక్షిని కూడా పూర్తిగా మా ఆవిడ పక్షానికి రాయలేం.

అసలు ఈ ఆట నిబంధనల్లోనే తిరకాసు ఉంది. బంతిని పట్టుకోకూడదు. ఒకే మనిషి వరసగా రెండుసార్లు కొట్టకూడదు. ఒక జట్టుకు మూడు స్పర్శలు. వెనక ఒకరు సర్వీసు అందుకోవాలి, లిఫ్టర్ దాన్ని నెట్ దగ్గర లేపాలి, స్మాషర్ కొట్టాలి. డెస్టినీ హుకర్ కొట్టిన 34లో ఒక్కటైనా ఇంకొకరి చేతి మీంచి రాకుండా ఆమెకు అందదు. క్రికెట్లో ఒకడు సెంచరీ కొట్టి మ్యాచ్ లాగెయ్యగలడు. ఇక్కడ ఎంత మొనగాడైనా మొదటి బంతి సరిగ్గా లేవకపోతే చేతులు కట్టుకుని నిలబడవలసిందే. పైగా సర్వీసు తిరిగి తెచ్చుకున్నప్పుడల్లా ఆరుగురూ ఒక్కొక్క స్థానం జరగాలి. బలహీనమైన పిల్లను ఒక మూల దాచడం కష్టం. వెనక వరస కాపాడటానికే పుట్టిన లిబెరో అనే స్థానం 1998లో వచ్చింది. అదే ఏడాది ప్రతి బంతికీ పాయింటు ఇచ్చే పద్ధతి కూడా ఖాయమైంది. మా రోజుల్లో సర్వీసు చేసినవాళ్ళకే పాయింటు, సెట్టు 15కి. ఒక తప్పు చేస్తే సర్వీసు పోయేది, అంతే. ఇప్పుడు ప్రతి తప్పూ వెంటనే అవతలి ఖాతాలో జమ అవుతుంది.

జనం చప్పట్లు కొట్టేది మూడో స్పర్శకు. మ్యాచ్ నడిచేది మొదటి స్పర్శ మీద. ఇది నా సొంత అభిప్రాయం, నా స్లిప్పుల మీద గీతలు చూశాక గట్టిపడింది.

మా పిల్లలు ఆ రోజు మొత్తం 61 పాయింట్లు పోగొట్టుకున్నారు. అందులో 14 తమ సర్వీసు తామే నెట్‌కు కొట్టో, గీత బయటికి కొట్టో పోగొట్టుకున్నవి. ఈ పద్నాలుగు గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. ఎందుకంటే అవి మొదట్లోనూ మధ్యలోనూ పోయాయి, ఆఖర్న పోలేదు. ఖాతాలో సొమ్ము నెలంతా కొంచెం కొంచెంగా ఖర్చయి, ముప్ఫయ్యో తారీకున చెక్కు వెనక్కి వస్తే, ఆ రోజు చెక్కు రాసినవాణ్ణే తిడతాం చూడండి, అలాగన్నమాట. మరో 11 పాయింట్లు సర్వీసు అందుకోలేక పోయినవి. ఆ పదకొండులో మా అమ్మాయి పేరున అయిదు. కాని నేను పక్కనే చిన్న గుర్తులు పెట్టాను. పదకొండులో ఏడు బంతులు ఏ ఒక్కరి ముందూ పడలేదు. మా అమ్మాయికీ ఆమె ఎడమ పక్క అమ్మాయికీ సరిగ్గా మధ్యన పడ్డాయి.

మొదటి సెట్లో అలా పడింది ఒక్కటే. మిగిలిన ఆరూ రెండో సెట్ నుంచే. నాకప్పుడు గుర్తొచ్చింది. సెట్ మారినప్పుడు అవతలి జట్టు కోచ్ గారు మడత పెట్టిన దినపత్రికతో మా కోర్టు వైపు చూపిస్తూ ఒక పొట్టి అమ్మాయికి ఏదో చెప్పారు. ఆ అమ్మాయి సర్వీసులో జోరేమీ లేదు. బంతి తిరగకుండా గాలిలో ఊగుతూ వస్తుంది, అందుకే ఎటు వాలుతుందో చివరిదాకా తెలియదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చినా 18 మీటర్ల కోర్టు దాటడానికి దానికి సెకను కంటే కాస్త ఎక్కువ పడుతుంది. ఆ సెకనులో ఇద్దరు పిల్లలు అది ఎవరి బంతో తేల్చుకోవాలి. ఆ కోచ్ గారు సందు కనిపెట్టారు, ఆ మేరకు గెలుపు ఆయనదే. కాని ఆయన చూపించిన జానెడు జాగాలో, 13-13 దగ్గర చేయి వణక్కుండా వేసింది ఆ పొట్టి పిల్ల. ఇందులో ఎవరి వాటా ఎంతో విడదీయమంటే నా వల్ల కాదు.

మరునాడు మా అమ్మాయిని కూర్చోబెట్టి స్లిప్పులు చూపించాను. మొదట చూడనంది. తరువాత తనే చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "ఈ ఏడూ మధ్యవి నాన్నా. మేము ఎవరిదో అనుకోలేదు" అంది. మధ్య బంతి వస్తే ఎవరు తీసుకోవాలని పి.డి. గారు చెప్పలేదా అని అడిగాను. చెప్పలేదట. మరి మీరు పిలుచుకోరా అంటే అప్పుడు అసలు సంగతి బయటపడింది. తను "నాది" అని అరుస్తుంది. పక్క అమ్మాయి ఒడియా పిల్ల, "మొర" అని అరుస్తుంది. ఇద్దరికీ రెండు భాషలూ వచ్చు. మా అమ్మాయి ఒడియా వింటే ఎవరూ తెలుగుపిల్ల అనుకోరు. కాని ఆ సెకనులో ఎవరి అమ్మ భాష వాళ్ళకు వచ్చేస్తుంది. ఒకసారి ఇద్దరూ అరిచి ఇద్దరూ ఆగిపోయారు. ఇంకోసారి ఇద్దరూ దూకి గుద్దుకున్నారు. 13-13 దగ్గర ఇద్దరూ నోరు విప్పలేదు. తరువాతి బంతికి ఈసారి నేనే తీసుకోవాలని మా అమ్మాయి ఆలస్యంగా దూకింది, అది చేతికి తగిలి జనంలోకి పోయింది.

మా బావమరిది ఇది విని, "చూశావా, నేనన్నదే! ఒక్క మాట నేర్పని వాడు కోచా?" అన్నాడు. నాకూ కొంచెం కోపం వచ్చిన మాట నిజం. వారం తరువాత బజారులో ఆ పి.డి. గారు కనిపిస్తే మాట కలిపాను. ఆయన తప్పించుకోలేదు. మధ్య బంతి సంగతి చెప్పవలసిందే, చెప్పలేదు అన్నారు. ఆ తరువాత ఆయన చెప్పిన లెక్క ఇదీ. ఆయన ఒక్కరే కబడ్డీ, ఖో-ఖో, అథ్లెటిక్స్ అన్నీ చూసుకోవాలి. వాలీబాల్ జట్టుకు దొరికింది 11 రోజులు. ల్యాబులు ముగించుకుని అమ్మాయిలు వచ్చేసరికి నాలుగున్నర. డిసెంబరులో మా బరంపురంలో అయిదుంపావు కల్లా పొద్దు వాలిపోతుంది, గ్రౌండులో లైట్లు లేవు. రోజుకు ముప్పావు గంట. మొత్తం ఎనిమిది గంటల పైచిలుకు. అందులో సగం సర్వీసులకే పోయింది, ఆ సర్వీసులూ ఎలా వచ్చాయో నా స్లిప్పు చెబుతూనే ఉంది.

అమెరికాలో కాలేజీ క్రీడల సంఘం వాళ్ళు సీజన్లో వారానికి 20 గంటలకు మించి పిల్లలకు సాధన పెట్టకూడదని నియమం చేశారు. అక్కడ ఎక్కువవుతుందని అడ్డు పెట్టవలసి వచ్చింది. మా పిల్లలకు మొత్తం మీద వచ్చింది వాళ్ళ అర వారం కూడా కాదు. తర్ఫీదా, ఆటా అని మేము భోజనాల దగ్గర వాదించుకున్నాం. నిజానికి మా పిల్లల విషయంలో తర్ఫీదు అన్న పద్దు కింద రాయడానికి పెద్దగా ఏమీ లేదు. మన ఊళ్ళ కాలేజీ జట్లు చాలా వాటిది ఇదే పరిస్థితి అని నా అనుమానం. అవి ఆ పూట ఆట మీదే గెలుస్తున్నాయి, ఆ పూట ఆట మీదే ఓడుతున్నాయి. ఓడిన రోజున ఆఖరి బంతి ఎవరి దగ్గర పడితే ఆ పిల్ల పెరుగన్నం వదిలేసి లేచిపోతోంది.

టైమ్ అవుట్ సంగతి కూడా అడిగాను, బావమరిదికి జవాబు చెప్పాలి కదా. సెట్టుకు రెండు, ఒక్కొక్కటి 30 సెకన్లు. మూడో సెట్లో రెండూ 9 పాయింట్ల లోపలే వాడేశారట. నా స్లిప్పు తిరగేసి చూస్తే నిజమే, రెండు చోట్ల నేనే "టై" అని రాసుకున్నాను. మా బావమరిదికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఊరుకుని, "అయితే ముందే వాడటం తప్పు" అన్నాడు. ముప్ఫై ఏళ్ళ పి.ఇ.టి., అంత తేలిగ్గా ఒప్పుకుంటాడా!

మా ఆవిడ మాత్రం ఒప్పుకుంది, నోటితో కాదు. జనవరి సెలక్షన్ల ముందు పదిహేను రోజులు పొద్దున్నే అయిదున్నరకు లేచి పిల్లకు టీ పెట్టి ఇచ్చింది. ఆ ఒడియా అమ్మాయి కూడా మా ఇంటికే వచ్చేది. ఇద్దరూ మా పెరటి గోడకు బంతి కొడుతూ, వెనక్కి వచ్చినదాన్ని పిలిచి తీసుకునేవారు. నన్ను నిలబెట్టి ఇద్దరి మధ్యకు బంతి విసరమనేవారు. యాభై దాటిన నా భుజం వారం రోజుల్లోనే మొరాయించింది. "మొర" అనే మాటే ఇద్దరికీ ఖాయం చేసుకున్నారు. రెండక్షరాలే కదా రెండూ, "నాది" ఎందుకు పనికిరాదని అడిగాను. జట్టులో మిగిలిన వాళ్ళు ఎక్కువమంది ఒడియా పిల్లలు నాన్నా, అందరికీ ఒకటే ఉండాలి అంది మా అమ్మాయి.

సెలక్షన్లలో ఆ అమ్మాయి జట్టులోకి వచ్చింది. మా అమ్మాయి పేరు స్టాండ్-బైలో ఉంది. సంక్రాంతికి ఇంటిల్లిపాదీ కూర్చుని ఉండగా పళ్ళెంలో ఆఖరి అరిసె మిగిలింది. మా బావమరిది చెయ్యి చాపేలోగా మా అమ్మాయి "మొర!" అని అరిచి తీసేసుకుంది. "పండగ పూట తెలుగులో అడగవే" అని వాళ్ళమ్మ కసిరింది.